సాయంత్రం ఏడు దాటితే మీటింగ్‌లో గొంతు తెగిపోతోంది: నెట్టా, కరెంటా, పక్కింటి వైఫైనా?

కాలవగట్టు (భీమవరం)

అందరికీ నమస్కారమండి. కంపెనీ హైదరాబాదులో, పని మాత్రం భీమవరంలో ఇంటి నుంచే. మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పదకొండు దాకా షిఫ్టు. అయిదంతస్తుల అపార్ట్‌మెంటు, ఇరవై ఫ్లాట్లు, మాది మూడో అంతస్తు.

ఫైబర్ కనెక్షన్ 100 ఎంబీపీఎస్. స్పీడ్‌టెస్ట్ ఎప్పుడు కొట్టినా 90కి తగ్గట్లేదు. అయినా రాత్రి ఏడు నుంచి పది దాకా మీటింగ్‌లో గొంతు ముక్కలు ముక్కలుగా వెళ్తోందట. రౌటర్ హాల్లో టీవీ వెనకాల ఉంది. పని చేసుకునేది చివరి బెడ్‌రూమ్, మధ్యలో రెండు గోడలు, ఒక బీరువా.

అదే వేళకి ఇన్వర్టర్ కూడా ఊరికే బ్యాటరీ మీదకి పోతోంది. కరెంటు పోలేదు, పక్కవాళ్ళ ఫ్యాన్లు తిరుగుతూనే ఉంటాయి. మా ఇన్వర్టర్ మాత్రం టిక్కుమని బ్యాటరీకి పోయి, నిమిషంలో వెనక్కి వస్తోంది. 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ, కొని ఏడాది. ఇంకోటి, లాప్‌టాప్ మూత మీద మణికట్టు ఆనితే చురుక్కుమంటోంది.

పై ఫ్లాట్‌లో రోజూ సాయంత్రం గ్రైండర్. ఎదురు ఫ్లాట్ వాళ్ళు వైఫై పాస్‌వర్డ్ అడుగుతున్నారు. కంపెనీ మార్చాలా, రౌటర్ మార్చాలా? ముందు దేన్ని చూడాలి? ఇరుగుపొరుగుతో పేచీ లేకుండా తేలే దారి చెప్పండి.

రౌటర్‌వైద్యం (కాకినాడ)

ఇంకా దేనికీ డబ్బులు పెట్టకండి. స్పీడ్‌టెస్ట్ 90 చూపించడాన్ని కూడా పక్కన పెట్టండి. వీడియో మీటింగ్ తినేది మహా అయితే మూడు నాలుగు ఎంబీపీఎస్. గొంతు తెగేది వేగం చాలక కాదండి, మాట ముక్కలు వేళకి అందక. స్పీడ్‌టెస్ట్ సగటు చెబుతుంది. మధ్యలో అర సెకను ఆగిన సంగతి దానికి పట్టదు.

ఏడున్నరకి, సరిగ్గా ఇబ్బంది ఉన్న వేళకే, లాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ రెండుసార్లు తెరవండి. ఒకదాంట్లో పింగ్ (ping, అవతలి నుంచి జవాబు రావడానికి ఎంతసేపు పడుతుందో చూపించే ఆదేశం) అని కొట్టి రౌటర్ చిరునామా ఇవ్వండి. చాలావాటికి 192.168.1.1 గానీ 192.168.0.1 గానీ ఉంటుంది, రౌటర్ అడుగున స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. రెండోదాంట్లో అలాగే పింగ్ కొట్టి 8.8.8.8 (బయట ఇంటర్నెట్‌లో ఉన్న గూగుల్ సర్వర్) ఇవ్వండి. రెండింటికీ చివర ఒక ఖాళీ వదిలి హైఫన్, టి అక్షరం పెడితే ఆగకుండా నడుస్తాయి. పది నిమిషాలు వదిలేయండి.

రౌటర్ పింగే 2, 3 మిల్లీసెకన్ల నుంచి 150, 200కి ఎగురుతుంటే జబ్బు మీ గదికీ హాలుకీ మధ్య గాలిలో ఉంది. కంపెనీ మార్చినా అదే గతి. రౌటర్ నిలకడగా ఉండి 8.8.8.8 మాత్రమే తూలుతుంటే తప్పు లైన్‌ది. అప్పుడు ఫైబర్ పెట్టె సెట్టింగుల పేజీలో ఆప్టికల్ పవర్, అంటే ఫైబర్‌లో వచ్చే వెలుతురు బలం, చూడండి. మైనస్ 15 నుంచి మైనస్ 25 డీబీఎమ్ (సిగ్నల్ బలం కొలత) మధ్య ఉంటే పర్లేదు. మైనస్ 27 దగ్గరికి జారితే ఎక్కడో వైరు నలిగింది, లేదా ఆకుపచ్చ కనెక్టర్ కొసన మురికి పట్టింది. టీవీ స్టాండు వెనక ఫైబర్‌ని మడతపెట్టి నొక్కేసి ఉంటారు, ముందు అది చూడండి. పింగ్‌లు రెండూ బాగుండి గొంతు ఒక్కటే తెగుతుంటే ఆఫీసు నెట్‌వర్క్‌లోకి కలిపే వీపీఎన్‌ని అనుమానించాలి.

మీరు చెప్పినదాన్ని బట్టి గాలి మీదే నా అనుమానం. ఇరవై ఫ్లాట్లంటే ఇరవై రౌటర్లు. సాయంత్రం అందరూ ఇళ్ళకి చేరతారు, అన్ని టీవీలూ వెలుగుతాయి. వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండులో ఒకదాన్నొకటి తాకని చానెళ్ళు మూడే: 1, 6, 11. మూడూ నిండిపోయాయి కదా అని కొందరు తెలివిగా 3 లోనో 9 లోనో పెడతారు. అంతకంటే చేటు లేదు. ఒకే చానెల్‌లో ఉన్న రౌటర్లు ఒకదాని మాట ఒకటి విని వంతులేసుకుంటాయి, ఒంటిదారి వంతెన మీద ఇటు బండి ఆగితే అటు బండి వచ్చినట్టు. సగం సగం కలిసే చానెళ్ళలో ఒకదాని మాట ఇంకోదానికి అర్థం కాదు, రొద మాత్రమే వినిపిస్తుంది. ముక్కలు పాడైపోతాయి, మళ్ళీ మళ్ళీ పంపాల్సి వస్తుంది. చానెల్ వెడల్పు 40 మెగాహెర్ట్జ్ ఉంటే 20కి దించండి. అపార్ట్‌మెంటులో 40 పెట్టడమంటే రోడ్డు మీద ధాన్యం ఆరబోసినట్టే.

లాప్‌టాప్‌కి రౌటర్‌లోని రెండో బ్యాండు, 5 గిగాహెర్ట్జ్, వాడండి. దానికి వేరే పేరు పెట్టండి. రెండింటికీ ఒకే పేరుంటే లాప్‌టాప్ తనకి నచ్చిన 2.4 నే పట్టుకుని కూర్చుంటుంది. చానెల్ 36 గానీ 149 గానీ పెట్టి చూడండి. కాకపోతే 5 గిగాహెర్ట్జ్ గోడలు దాటేసరికి నీరసపడుతుంది. ఫోన్‌లో వైఫై ఎనలైజర్ వేసుకుని మీరు కూర్చునే చోట చూడండి: మైనస్ 65 డీబీఎమ్ ఉంటే హాయి, మైనస్ 75 దాటితే మీటింగ్ నమ్మకం లేదు. టీవీ వెనక రేకు, మధ్యలో ఇనప బీరువా, రెండూ సిగ్నల్‌ని మింగేస్తాయి. రౌటర్‌ని టీవీ వెనక నుంచి తీసి మనిషి ఎత్తులో గోడకి కొట్టండి, ఖర్చు రెండు మేకులు.

అసలు మందు మాత్రం కేబులే. హాలు నుంచి బెడ్‌రూమ్‌కి టీవీ కేబుల్ కోసం గోడలో వేసిన పైపు ఉంటుంది, అందులోంచి 15, 20 మీటర్ల క్యాట్ 6 నెట్‌వర్క్ కేబుల్ లాగించండి. కరెంటు వైర్లున్న పైపులో మాత్రం వద్దు. కొనేటప్పుడు తీగ కొస బ్లేడుతో గీకి చూడండి. లోపల తెల్లగా కనిపిస్తే అది రాగి పూత వేసిన అల్యూమినియం, తిరిగిచ్చెయ్యండి. రెండు కొసలకీ ఒకటే వరస: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. లింక్ స్పీడ్ 1000 బదులు 100 చూపిస్తే నీలం జతో గోధుమ జతో సరిగ్గా నొక్కుకోలేదని గుర్తు. మీటింగ్‌కి ఆ 100 కూడా ఎక్కువే అనుకోండి.

కొబ్బరిమట్ట (అమలాపురం)

నెట్ సంగతి పైన చెప్పేశారు. ఇన్వర్టర్‌ది చిన్న విషయమేనండి. వెనకాలో పక్కనో ఒక స్విచ్ ఉంటుంది, యూపీఎస్ మోడ్ అని, నార్మల్ మోడ్ అని. యూపీఎస్ మోడ్‌లో సాధారణంగా 180 నుంచి 260 వోల్టుల మధ్య ఉంటేనే కరెంటు తీసుకుంటుంది, అంతకు తగ్గితే బ్యాటరీకి పోతుంది. నార్మల్ మోడ్‌లో 100 నుంచి 290 దాకా ఒప్పుకుంటుంది. సాయంత్రం మీకు వోల్టేజీ 180కి అటూ ఇటూ ఊగుతోంది, అందుకే ఆ టిక్కుటిక్కు. నార్మల్‌లో పెట్టేయండి, పోతుంది.

పాస్‌వర్డ్ విషయం. లైన్ మీ పేరు మీద ఉంది, ఆ లైన్ మీద ఎవరు ఏం చేసినా మొదట వచ్చేది మీ పేరే. అలాగని మొహం మీద కాదనక్కర్లేదు. రౌటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్ ఆన్ చేసి, వేరే పాస్‌వర్డ్ పెట్టి, వేగం 5 ఎంబీపీఎస్‌కి కట్టేసి, లోపలి పరికరాలు కనిపించకుండా ఐసొలేషన్ పెట్టి, చుట్టాలొచ్చినప్పుడు ఒకటి రెండు రోజులకి ఇవ్వండి. నెలల తరబడి అడిగితే "ఆఫీసు లాప్‌టాప్ ఉందండి, కంపెనీ ఒప్పుకోదు" అని చెప్పండి. చాలా కంపెనీల రూలు అదే కాబట్టి అబద్ధం కూడా కాదు.

గ్రైండర్ మోత గాలిలోంచి రాదు, స్లాబ్‌లోంచి దిగుతుంది. మీ గదికి ఎన్ని కర్టెన్లు కట్టినా ఆగదు. ఆపాల్సింది పైనే. పది పన్నెండు మిల్లీమీటర్ల మందం రబ్బరు షీటు, రెండడుగుల చదరం ముక్క కోయించి వాళ్ళకే ఇవ్వండి, "మీ గ్రైండర్ జారకుండా ఉంటుంది పిన్నిగారూ" అని. ఫిర్యాదు చెయ్యడం కంటే ఆ ముక్క చవక. మీ వైపు నుంచి చెయ్యాల్సింది మైకుని నోటికి దగ్గర చెయ్యడం. నోటికీ మైకుకీ దూరం సగం చేస్తే మీ గొంతు ఆరు డెసిబెళ్ళు పెరుగుతుంది, గది మోత అలాగే ఉంటుంది. లాప్‌టాప్ మైకు రెండడుగుల దూరంలో ఉంటుంది, మైకు కాడ ఉన్న హెడ్‌సెట్ అయితే రెండంగుళాలు. తేడా మీరే లెక్కేసుకోండి. గుడి మైకులకి రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా నిషేధం 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనల్లోనే ఉంది, కానీ మీ షిఫ్టు ఏడింటికి నడుస్తోంది కాబట్టి అది మీకు పనికిరాదు. సంక్రాంతి మూడు రోజులూ సెలవే మార్గం, ఆయ్.

రెండో లైన్ తీసుకునేవాళ్ళకి ఒక మాట. రెండు కంపెనీల ఫైబర్లూ ఒకే స్తంభం మీద వేలాడుతుంటాయి. కొబ్బరిమట్ట ఒకటి పడితే రెండూ తెగుతాయి. రెండోది ఫోన్ హాట్‌స్పాట్‌గా పెట్టుకోండి, వైఫైతో కాకుండా యూఎస్‌బీ కేబుల్‌తో కలపండి. వీడియో మీటింగ్‌కి గంటకి సుమారు ఒక జీబీ అవుతుంది, కెమెరా ఆపేస్తే అందులో చిన్న ముక్కే. 2022 మే 24న ఇక్కడ గొడవలయ్యాక ఇంటర్నెట్ ఆపేసినప్పుడు ఎన్ని సిమ్‌లున్నా లాభం లేకపోయింది. అలాంటప్పుడు లాప్‌టాప్ సంచీలో వేసుకుని జిల్లా దాటాల్సిందే. కాకినాడలోనో రాజమండ్రిలోనో కూర్చునే చోటు ముందే అడిగి పెట్టుకోవడం మంచిది.

మూడోపిన్ను (తణుకు)

ఆగండాగండి. నార్మల్ మోడ్‌లో ఇప్పుడే పెట్టకండి. కొబ్బరిమట్ట గారు చెప్పిన అంకెలు నిజమే, కానీ నార్మల్ మోడ్ 290 దాకా ఒప్పుకుంటుందంటే ఆ 290 వోల్టులూ నేరుగా మీ సామాన్ల మీదకి వదులుతుందని కూడా అర్థం. వోల్టేజీ ఎందుకు ఊగుతోందో తేలే దాకా యూపీఎస్ మోడే మీకు కాపలా.

సాయంత్రం తగ్గడానికి రెండు కారణాలుండొచ్చు. ఒకటి, ట్రాన్స్‌ఫార్మర్ మీద లోడు పెరిగి వీధి మొత్తానికీ తగ్గడం. మీ చుట్టుపక్కల చెరువుల మీద రాత్రిపూట ఏరేటర్లు (నీళ్ళకి గాలి పట్టించే మోటార్లు) తిరుగుతాయి కాబట్టి అందరూ మొదట దాన్నే అంటారు. రెండోది అపార్ట్‌మెంటులో న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్ళే తీగ) వదులవడం. ఇది ప్రమాదం. మూడు ఫేజుల (కరెంటు తెచ్చే మూడు తీగల) సర్వీసులో ఫ్లాట్లని ఆర్, వై, బీ ఫేజులకి పంచుతారు, న్యూట్రల్ అందరికీ ఒక్కటే. ఆ ఒక్కటీ గట్టిగా ఉన్నంతకాలం ఎవరి 230 వాళ్ళది. అది వదులైతే మీ వోల్టేజీ పక్క ఫ్లాట్ ఏసీ మీద ఆధారపడుతుంది. ఎక్కువ లోడున్న ఫేజుకి తగ్గుతుంది, తక్కువ లోడున్న ఫేజుకి పెరుగుతుంది. ఒకళ్ళింట్లో ఏసీ వేస్తే ఇంకొకళ్ళింట్లో బల్బు ప్రకాశం పెరిగిందంటే అదే.

కొలిచి చూడండి. మల్టీమీటర్‌ని ఏసీ 750 వోల్టుల దగ్గర పెట్టి, గోడ సాకెట్‌లో మూడు కొలతలు తీయించండి. అలవాటు లేకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి, సొంత ప్రయోగం వద్దు. ఏడున్నరకే తియ్యాలి, మధ్యాహ్నం తీస్తే అన్నీ బాగానే కనిపిస్తాయి.

ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 230 దరిదాపుల్లో ఉండాలి. ఫేజుకీ ఎర్త్‌కీ దాదాపు అంతే. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టులకి మించకూడదు. మొదటి రెండూ కలిసి తగ్గితే వీధి వోల్టేజీ తక్కువ. మొదటిది ఒక్కటే తగ్గి, మూడోది పెరిగితే న్యూట్రల్. ఇవే కొలతలు అదే నిమిషంలో వేరే ఫేజు మీదున్న ఫ్లాట్‌లో కూడా తీస్తే అనుమానం ఉండదు.

లాప్‌టాప్ చురుక్కు వేరే సంగతి. అడాప్టర్‌లో ఫిల్టర్ కెపాసిటర్ల గుండా అతి కొద్ది కరెంటు లాప్‌టాప్ బాడీకి చేరుతుంది. ఎర్త్ ఉంటే దాంట్లోకి పోతుంది, లేకపోతే మీ మణికట్టులోకి. అడాప్టర్ త్రాడు మూడు పిన్నులదా, ఎక్స్‌టెన్షన్ బోర్డు ప్లగ్గు మూడు పిన్నులదా, గోడ సాకెట్ మూడో బొక్కలో తీగ ఉందా, ఈ మూడూ చూడండి. చాలాసార్లు మధ్యదే దొంగ.

అన్నీ సరయ్యాక నార్మల్ మోడ్ పెట్టుకోవచ్చు. అందులో మారడానికి 40 మిల్లీసెకన్ల దాకా పడుతుంది, యూపీఎస్ మోడ్‌లో 10 లోపు. ఆ 40కి కొన్ని రౌటర్లు రీస్టార్ట్ అవుతాయి. 12 వోల్టుల మినీ యూపీఎస్ ఒకటి ఫైబర్ పెట్టెకి పెడితే ఆ బెంగ ఉండదు. కొనే ముందు అడాప్టర్ మీద వోల్టులు చదవండి, 9 వోల్టుల పెట్టెలూ ఉన్నాయి. 22 వాట్-అవర్ల బ్యాటరీ పది వాట్ల పెట్టెని రెండు గంటలు లాగుతుంది.

150 ఏహెచ్ లెక్క కూడా చెప్పేస్తాను: 12 వోల్టులతో గుణిస్తే 1800 వాట్-అవర్లు, అందులో చేతికి వచ్చేది 1200 చిల్లర. లాప్‌టాప్ 65, మానిటర్ 25, ఫ్యాను 75, రౌటర్ 10, లైటు 10 వాట్లు వేసుకుంటే ఆరు గంటలు దాటుతుంది. కానీ రోజూ సాయంత్రం నిమిషానికోసారి బ్యాటరీకి పోయి వస్తుంటే ఆ లెక్క నిలబడదు. నీళ్ళు డిస్టిల్డ్ వాటరే పొయ్యండి. ఆర్వో నీళ్ళూ వాననీళ్ళూ వద్దు, ఎవరు చెప్పినా సరే.

కాలవగట్టు (భీమవరం)

ఎలక్ట్రీషియన్‌తో నిన్న రాత్రి 7.40కి తీయించిన కొలతలివి. గోడ సాకెట్‌లో ఫేజు-న్యూట్రల్ 179, ఫేజు-ఎర్త్ 226, న్యూట్రల్-ఎర్త్ 47. రెండో అంతస్తులో వేరే ఫేజు ఫ్లాట్‌లో ఫేజు-న్యూట్రల్ 254. ఎక్స్‌టెన్షన్ బోర్డుకి రెండు పిన్నుల ప్లగ్గే ఉంది, మూడు పిన్నులది వేశాక చురుక్కు పోయింది.

రౌటర్ పింగ్ వైఫై మీద 4 నుంచి 180 మధ్య ఎగురుతోంది. కేబుల్‌ని హాలు మీదుగా నేల మీద పరిచి చూస్తే 1 దాటలేదు, 8.8.8.8 కూడా నిలకడగానే ఉంది. గొంతు తెగలేదు. పైపులోంచి లాగించడం ఆదివారం. ఇన్వర్టర్ ఇంకా యూపీఎస్ మోడ్‌లోనే ఉంది.

మూడోపిన్ను (తణుకు)

పైపు, కేబులు ఆదివారం దాకా ఆగుతాయి. ఇది ఆగదు. 226లోంచి 47 తీస్తే 179, మీ న్యూట్రల్ మీ ఫేజు వైపుకి 47 వోల్టులు జరిగిపోయింది. అవతల ఫేజుకి 254 రావడం కూడా ఆ లెక్కకి సరిగ్గా సరిపోయింది. ఇప్పుడు 254, రేపు రాత్రి ఆ వదులు పూర్తిగా ఊడితే 300 దాటొచ్చు. మొదట పోయేవి ఆ ఫ్లాట్ల ఫ్రిజ్‌లు, టీవీ సెట్‌టాప్ పెట్టెలు, ఎల్‌ఈడీ బల్బులు.

తప్పు ఇంటి మీటరుకి ఇవతల లేదు, రెండు ఫ్లాట్లకీ కలిపి కనిపిస్తోంది కాబట్టి కింద కామన్ ప్యానెల్‌లో గానీ స్తంభం నుంచి వచ్చే సర్వీసు కేబుల్‌లో గానీ ఉంటుంది. ప్యానెల్ మీరు తెరవకండి. 1912కి ఫోన్ చేసి "న్యూట్రల్ లూజ్, త్రీ ఫేజ్ అపార్ట్‌మెంట్" అని ఈ మూడు అంకెలూ చెప్పండి. ఊరికే లో వోల్టేజీ అంటే వరసలో వెనక పడతారు. సీలు వేసిన భాగం వాళ్ళే తియ్యాలి. ప్యానెల్‌లో న్యూట్రల్ బార్ దగ్గర చూడమనండి: అల్యూమినియం కేబుల్‌కి రాగి లగ్గు (బోల్టుకి బిగించడానికి కేబుల్ కొసకి నొక్కే తొడుగు) నేరుగా నొక్కి ఉంటే ఉప్పుగాలికి మధ్యలో తెల్లటి పొడి పడుతుంది, పట్టు పోతుంది, వేడెక్కి ఇన్సులేషన్ నల్లబడుతుంది. ఆ కొస కోసి, కొత్తగా బైమెటాలిక్ (ఒక వైపు అల్యూమినియం, ఒక వైపు రాగి ఉన్న) లగ్గు నొక్కించాలి. బోల్టు బిగించి వదిలేస్తే నెలలో మళ్ళీ మొదటికొస్తుంది. న్యూట్రల్ కేబుల్ ఫేజు కేబుళ్ళ కంటే సన్నగా ఉందేమో కూడా చూడమనండి. ఏసీలు పెరిగాక ఆ పాత సైజు చాలదు.

అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఇప్పుడే ఇలా పెట్టండి: "బిల్డింగు న్యూట్రల్ వదులుగా ఉంది. కొన్ని ఫ్లాట్లకి 250 వోల్టులు దాటుతోంది. బాగయ్యే దాకా సాయంత్రం ఆరు నుంచి ఏసీ, గీజరు వెయ్యకండి. ఫ్రిజ్, టీవీ ప్లగ్గులు తీసెయ్యండి. బల్బులు ఉన్నట్టుండి ప్రకాశంగా వెలిగితే మెయిన్ ఆపండి." గ్రూపు చూడని పెద్దవాళ్ళుంటే తలుపు కొట్టి చెప్పండి.

కాలవగట్టు (భీమవరం)

గ్రూపులో పెట్టాను, 254 వచ్చిన ఫ్లాట్‌లో ఫ్రిజ్ ప్లగ్గు తీయించాం. 1912లో కంప్లయింట్ నంబరు ఇచ్చారు. ప్యానెల్ తెరిచాక లగ్గు ఎలా ఉందో ఇక్కడే రాస్తానండి.